పాఠాల టేపుకు ఒక గొంతు

8 జూన్ 1964, సోమవారం

టేపు మళ్ళీ తెగింది. వారంలో ఇది మూడోసారి. ఇంగ్లీషు పాఠం చదివే ప్రాట్ గారి గొంతు "గుడ్ మార్నింగ్, చిల్—" దగ్గర ఆగింది. ఖాళీ చక్రం గిరగిరా తిరిగింది. బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలూ కలిపి అతికించి, గోటితో నొక్కాను. అతికిన ప్రతిచోటా ఒక మాట పోతుంది. మా కాలేజీకి శిక్షణకు వచ్చే టీచర్లు ఆ అతుకులతో సహా నేర్చుకుంటున్నారు. కడప నుంచి వచ్చిన ఒకాయన ఈ మధ్యాహ్నం పాఠం అప్పగిస్తూ, సరిగ్గా అతుకు ఉన్నచోట సగం మాటలో ఆగి, ఊపిరి పీల్చుకుని, తర్వాతి మాట సగం నుంచి నిష్ఠగా కొనసాగించాడు. నేను నవ్వలేదు. అంత శ్రద్ధను చూసి నవ్వరాదు.

సాయంత్రం ప్రిన్సిపాల్ గారి పిలుపు. కొత్త టేపు చేయాలట. జిల్లాల్లోని ట్రైనింగ్ స్కూళ్ళన్నింటికీ అదే వెళ్తుంది. "ఈసారి గొంతు మన టీచర్లలో ఒకరిది ఉండాలని కమిటీవారి పట్టు, శారద గారూ. నన్నడిగితే మాత్రం లండన్ గొంతు లండన్ గొంతే..." మనిషిని ఎంచి, తయారు చేయడం నా పని. జులై నెలాఖరున ఆ టేపుకు పరీక్ష.

రిక్షా ఎక్కకుండా అబిడ్స్ దాకా నడిచాను. ఎనిమిదేళ్ళ కిందట తెనాలి నుంచి హైదరాబాదు వచ్చినప్పుడు నా ధ్వనిశాస్త్రం ఎవరికి పనికొస్తుందని అడిగారు బంధువులు. ఇదిగో.

10 జూన్, బుధవారం

ఇరవై ఎనిమిది మంది టీచర్లు. అందరిచేతా ఒకే పేరా చదివించి, కళ్ళు మూసుకుని విన్నాను. కోస్తా వాళ్ళు మాట చివర ఉకారం తగిలిస్తారు — బస్సు, బుక్కు. మొదట అచ్చు వస్తే దాని ముందు ఒక 'య' — 'యెగ్', 'యెవ్రీ'. నా క్లాసు నోట్సులో మొదటి హెచ్చరికే అది. ఉర్దూ మీడియంలో చదివిన హైదరాబాదు వాళ్ళు 'ఇస్కూల్', 'ఇస్టేషన్' అంటారు. కాని 'జూ', 'రోజ్' అనేటప్పుడు ఆ జకారం తేనెటీగ రెక్కలా మోగుతుంది వాళ్ళ నోట. నేను అద్దం ముందు రెండేళ్ళు కష్టపడి తెచ్చుకున్న శబ్దం. వాళ్ళు అంగట్లో బేరమాడుతూ తెచ్చుకున్నారు.

అనసూయాబాయి వంతు వచ్చింది. గౌలిగూడ నుంచి వస్తుంది. నాంపల్లిలో ఆడపిల్లల మిడిల్ స్కూల్లో ఇంగ్లీషు టీచరు. లేచి నిలబడింది కాని నోరు విప్పలేదు.

"నేను సదువ మేడం."

ఎందుకు?

"మా ఇస్కూల్ల గూడ సదువ. పిల్లలే సదువుతరు. నేను ఇనుకుంట కూసుంట."

అందరూ వెళ్ళాక చెప్పింది. పోయిన ఏడు ఎవరో ఇన్‌స్పెక్టరు వచ్చి, నలభై మంది పిల్లల ముందు ఆమె 'ఇస్టేషన్'ను రెండుసార్లు ఆమె గొంతుతోనే అనుకరించి నవ్వాడట. పిల్లలూ నవ్వారు. ఆనాటి నుంచి తరగతిలో పుస్తకం పైకి చదవలేదు. సంవత్సరం పైగా! ఇంగ్లీషు టీచరు, ఇంగ్లీషు వినిపించని టీచరు.

చెప్పేటప్పుడు ఆమె గొంతు విన్నాను. ఖాళీ గది చివరి బెంచీ దాకా, ఏ మాటా మరో మాటలో కలిసిపోకుండా, తీగ మీద ఆరేసిన బట్టల్లా విడివిడిగా...

11 జూన్, గురువారం

ఆమె పేరే రాసిచ్చాను. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, పేరు మారలేదు.

12 జూన్, శుక్రవారం

అనసూయ ఒప్పుకోదు. అరగంట బతిమాలాను. చివరికి నేల చూస్తూ — "ఆ టేపుల నా గొంతు వస్తే... మా పిల్లల ముందట మల్ల నోరు తెరుస్త మేడం. రాకుంటే ఇగ జన్మల తెరువ." భయపెట్టడానికి అనలేదు. అదే ఒప్పందమన్నట్టు చెప్పింది. ఒప్పుకున్నాను. ఇంటికొచ్చాక నాకే భయం వేసింది.

15 జూన్, సోమవారం

పాఠం మొదలు. కాలేజీ వెనక గదిలో గోడలకు బొంతలు వేలాడదీశాము, గొంతు మారుమోగకుండా. ఫ్యాను ఆపాలి, దాని రొద టేపులోకి దిగుతుంది. నాంపల్లి స్టేషను రెండు సందుల అవతల. బండి కూత పెడితే ఆగి, పోయాక అందుకోవాలి. రైళ్ళ టైంటేబిలు ఒకటి తెచ్చి తలుపుకు అతికించాను. ఏ బండీ దాని ప్రకారం రావడం లేదు.

'స్కూల్' కోసం: ముందు 'స్స్స్' అని చాలాసేపు పట్టి ఉంచాలి, అచ్చు జొరబడటానికి సందివ్వకుండా, ఆ ఊపిరి మీదనే 'కూల్' అనాలి.

"సైకిల్ల గాలి పోయినట్ల!"

అచ్చం అలాగే అన్నాను.

"మా ఆయన దినాం ఇంటి ముందట సైకిల్లు బాగుచేసుకుంట గిదే చేస్తడు మేడం. ఆయనకి ఇంగ్లీషు వచ్చినట్లే."

19 జూన్, శుక్రవారం

వచ్చింది! స్కూల్. స్టేషన్. స్ట్రీట్. వరసగా ముప్పైసార్లు, ఒక్క 'ఇ' లేదు. తనే ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొజంజాహీ మార్కెట్టుకు నడిచివెళ్ళి మామిడిపండు ఐస్‌క్రీం తిన్నాము. చల్లదనానికి నాలుక మొద్దుబారితే 'స్ట్రీట్' మళ్ళీ ఎటో పోయింది. ఇద్దరమూ ఆ రాతి మెట్ల మీద నిలబడి, చుట్టూ జనం ఉన్నారని మరిచి నవ్వుతూ...

20 జూన్, శనివారం

టీకి ప్రాట్ గారు, మిస్ మెక్రే. ఆయన వారానికి రెండుసార్లు వచ్చే మా సలహాదారు; ఆవిడ స్కాట్లండు మనిషి, అబిడ్స్‌లో బడి పంతులమ్మగా ఇరవై ఏళ్ళు. రిక్షావాడితో ఆవిడ మాట్లాడే దక్కనీ ఉర్దూ వింటే ఆవిడ ఇంగ్లీషు మీద జాలి కలుగుతుంది.

రకారం మీద తగవు. 'ఫార్మ్' అనే మాటలో ప్రాట్ గారికి రకారమే లేదు. మిస్ మెక్రే దాన్ని బండి చక్రంలా దొర్లిస్తారు. "రాసి ఉన్న అక్షరాన్ని దాచుకుంటారేం? దొంగిలించారా?" అని ఆవిడ. ఆయన కప్పు కింద పెట్టి, మెల్లగా, ఎవరూ అడగకుండానే చెప్పారు — టేపులో ఉన్నది తన సొంత గొంతు కాదట. ఆయన ఊరు వాళ్ళ దేశానికి ఉత్తరాన, మిల్లుల పట్టణం. పందొమ్మిదో ఏట కాలేజీలో ఈ గొంతు నేర్చుకున్నారు. "మా అమ్మ ఈ టేపు వింటే, ఎవరీ పెద్దమనిషి అంటుంది." ఇంట్లో ఎలా అంటారో చూపించమన్నాను. సిగ్గుపడుతూ 'బస్'ను 'బుస్' అన్నారు.

పళ్ళెం పట్టుకుని నిలబడ్డ అనసూయ ఆపుకోలేకపోయింది. "బుస్ అంటే పాము గదా మేడం!" నేను అనువదించాను. ఆయన అరచెయ్యి పడగలా ఎత్తి ఇంకోసారి బుస్ అన్నారు. నాకు తెలిసి ఆ గదిలో అనసూయ తెల్లవాళ్ళ ముందు నవ్వడం అదే మొదలు.

24 జూన్, బుధవారం

వాన. స్టేషను వైపు నుంచి ఈలలు. ఉదయమంతా నాలుగు వాక్యాలే.

3 జులై, శుక్రవారం

అనసూయ నోట దిద్దవలసిన వాటిని నలభై మూడుగా రాసుకున్నాను మొదట్లో. ఈ రోజుకు ఆరు మిగిలాయి. ఒక్కో వాక్యం నేను ముందు అంటాను, తను వెంట అంటుంది, తేడా లేదనిపించేదాకా. ఓపికగా చేస్తుంది. ఈ మధ్య నవ్వు తగ్గింది. ఏకాగ్రత కాబోలు.

9 జులై, గురువారం

మొదటి పాఠం మొత్తం టేపు చేశాము. మధ్యలో ఒక్క రైలూ రాలేదు. మిస్ మెక్రే వచ్చి విన్నారు. ఆఖరి దాకా విని, చెంప మీది చెయ్యి తీసి ఒడిలో పెట్టుకున్నారు.

"చాలా సరిగ్గా ఉంది. ఆ అమ్మాయి ఎక్కడికి పోయింది?"

అర్థం కాలేదు నాకు.

"ఇది మీరు, శారదా. ఆగే చోట్లు మీవి. వాక్యం చివర మెట్టు దిగినట్టు దిగడం మీది. ఆ 'యెవ్రీ' కూడా మీదే."

నేను 'యెవ్రీ' అనను — అని చెప్పాను. చాలా స్పష్టంగా చెప్పాను. ఆవిడ వాదించలేదు. బీరువాలోంచి, రెండేళ్ళ కిందట నేను చేసిన అభ్యాసాల టేపు తీసి చక్రానికి ఎక్కించారు.

యెవ్రీ. యెవ్రీ మార్నింగ్. యెయిట్. ఒకటి కాదు, రెండు కాదు. నోట్సు చూస్తూ నెమ్మదిగా చదివినచోట లేదు. ఉత్సాహం వచ్చి వేగం పెరిగిన ప్రతిచోటా ఉంది. నా నోట్సులో మొదటి హెచ్చరిక నా గొంతులోనే కాపురం చేస్తోంది.

మిస్ మెక్రే నీళ్ళ గ్లాసు చేతికిచ్చారు.

9 జులై, మళ్ళీ

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. పేపరు మడిచి, "పెళ్ళినాటి నుంచీ అలాగే అంటున్నావుగా" అన్నారు.

మరి చెప్పలేదేం?

"చెబితే మానేస్తావని. నాకు బాగుంటుందోయ్ అది."

పన్నెండేళ్ళు! కోపం తెచ్చుకుందామని ప్రయత్నించాను. వంటింట్లోకి వెళ్ళి ఒక్కదాన్నే నవ్వాను.

13 జులై, సోమవారం

అనసూయతో చెప్పడం ఎలాగో మూడు రోజులు ఆలోచించాను. శాస్త్రం తెలిసినదాన్ని, ఆమె తప్పులు తీసి నా తప్పులు పెట్టాను, ఆమె గొంతు తీసి నా గొంతు పెట్టాను. ఇంకా పదిహేను రోజులే ఉంది. ఆమె పందెం కట్టిందేమిటో నాకు తెలుసు. ఇప్పుడు మళ్ళీ మొదటికి రమ్మంటే...

రెండు టేపులూ వినిపించాను, ఏమీ దాచకుండా.

"మీరు గూడనా మేడం?"

నేను కూడా.

"గింత పెద్ద సదువు సదివి, మీరు గూడనా!" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోయాయి. వారం రోజులుగా వినని నవ్వు. "అల్లా కసమ్, ఎంత హాయిగున్నదో!"

నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, టీచరుగా మారిపోయింది. "జర ఆగున్రి. ఏక్ అనున్రి. ఉర్దూల, ఒకటి."

ఏక్.

"చూసిన్రా? యేక్ అనలే మీరు. గిప్పుడు గదే నోటితోని, ఏక్... ఎయిట్."

ఏక్, ఎయిట్. ఏక్, ఎవ్రీ. 'య' లేదు. నా శాస్త్రంలో ఏ పుస్తకంలోనూ లేని అభ్యాసం. రాసుకున్నాను, ఆమె పేరుతో సహా.

14 జులై, మంగళవారం

నలభై మూడింటినీ మళ్ళీ ముందేసుకున్నాము. ఈసారి ఒక్కటే ప్రశ్న: దీనివల్ల వినేవాడికి మాట అందకుండా పోతుందా? పోతే దిద్దాలి. పోకపోతే ముట్టుకోవద్దు. 'స్టేషన్' దిద్దినట్టే ఉండాలని తనే పట్టుబట్టింది; కష్టపడి సంపాదించుకున్నది వదులుకోదట. వాక్యం చివర పైకి లేచే ఆమె గౌలిగూడ రాగం మాత్రం, అడుగుతున్నట్టూ ఆదరిస్తున్నట్టూ ఉంటుంది, దాన్ని నేను మూడు వారాలు కష్టపడి నరికేశాను. మొక్క మళ్ళీ చిగురిస్తుందా?

18 జులై, శనివారం

చిగురించదు. నా వెంట అనడం అలవాటైపోయింది. నేను నోరు మూసుకున్నా నా ముఖం చూసి చదువుతోంది. కుర్చీ వెనక్కి తిప్పి గోడకు ముఖం పెట్టి కూర్చున్నాను, బొంత మీది పువ్వులు లెక్కపెడుతూ.

"మేడం అలిగిన్రా?"

లేదు, చదవండి.

20 జులై, సోమవారం

నిన్న బోనాలు. అనసూయ గొంతు బొంగురుపోయి వచ్చింది, పాటలు పాడి, అరిచి. సెలవు తీసుకోమన్నాను. వినలేదు. ఆ బొంగురు గొంతుతో, నా గొంతును అనుకరించే శక్తి లేక, తన పద్ధతిలో చదివింది. ఉంది! ఆ రాగం ఉంది. గోడ వైపు తిరిగి ఉన్నాను గనక నా ముఖం ఆమెకు కనిపించలేదు. మంచిదే అయింది.

23 జులై, గురువారం

కొత్త టేపు. మూడుచోట్ల రైలు. మూడుచోట్లా అతుకు. కాని మాట పోకుండా అతికించాను, ఊపిరి పీల్చే చోట్ల.

27 జులై, సోమవారం

పరీక్ష. జిల్లాల నుంచి ఈ వారమే వచ్చిన టీచర్లు, మా గొంతులు ఏవీ ఎరగనివాళ్ళు. మూడు టేపులు: ప్రాట్ గారిది, మిస్ మెక్రేది, అనసూయది. ఎవరిదేదో చెప్పలేదు. విన్నది విన్నట్టు రాయాలి. తప్పులు మేము దిద్దుతాము. కమిటీవారు ముగ్గురూ, ప్రిన్సిపాల్ గారూ వెనక బెంచీలో కూర్చుని తామూ రాశారు. ప్రాట్ గారు సరదాపడి మిస్ మెక్రే టేపును రాసి, రెండు మాటలు తప్పారు. ఆవిడ ఆ కాగితం అడిగి తీసుకుని సంచిలో భద్రపరిచారు.

దిద్దేసరికి సాయంత్రమైంది. ఎర్ర సిరా అన్నింటికంటె తక్కువ పడింది అనసూయ కట్టలో. చాలా తక్కువ. అందరికంటె ఎక్కువ తప్పులు ప్రాట్ గారి టేపుకు. ఎక్కువగా సంతోషించినవారూ ఆయనే. ప్రిన్సిపాల్ గారు తన కాగితాన్ని తిరగేసి పెట్టి, "ఫలితం కాదనను, శారద గారూ" అన్నారు. "కాని ఇది విద్యాశాఖ పై అధికారి సంతకంతో వెళ్ళాలి. టేపు విని సంతకం పెట్టే మనిషి కాదాయన. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వింటారు."

బషీర్‌బాగ్ ఆఫీసు. ఆగస్టు ఆరు, పదకొండు గంటలకు.

28 జులై, మంగళవారం

చెప్పాను. పరీక్షలో గెలిచిన సంతోషం అనసూయ ముఖంలో ఉండగానే, ఎదురుగా కూర్చుని చదవాలన్న మాట వెళ్ళి తగిలింది. "మల్ల ఒక సాబ్ ముందట?" అంది. పుస్తకం సంచిలో పెట్టుకుని లేచింది.

1 ఆగస్టు, శనివారం

పాఠానికి రాలేదు. కబురూ లేదు.

3 ఆగస్టు, సోమవారం

రాలేదు. ఆమె బడికి వెళ్ళి చూద్దామా అని గేటు దాకా పోయి తిరిగి వచ్చాను. నేను మరోసారి ఆమెను నడిపించకూడదు. ఏక్, ఎయిట్. ఏక్, ఎవ్రీ.

5 ఆగస్టు, బుధవారం

నాలుగున్నరకు తలుపు దగ్గర గొడుగు దులుపుతూ అనసూయ. పిల్లల పరీక్షలట, తీరలేదట. కబురు పంపనందుకు మాఫు చేయాలట. కూర్చోలేదు.

"ఇయ్యాల సదివిన మేడం."

ఏమిటి?

"క్లాసుల. నేనే. పుస్తకం పట్టుకొని, నిలవడి. పాఠం మొత్తం."

టేపులో గొంతు వచ్చాకే కదా అన్నారు?

"అన్న. మల్ల రాతిరంత ఆలోచన చేసిన. ఆ సాబ్ ఔ అంటెనే నేను నోరు తెరుస్త అంటే, నా నోటి తాళానికి చాబీ ఆయన జేబుల ఉన్నట్లు గదా. గందుకని ముందుగాలనే సదివిన." కొంచెం ఆగి, "ఫాతిమా అని ఒక పిల్ల ఉన్నది, బగ్గ కొంటెది. మల్లొక్కపారి సదువున్రి టీచర్ అన్నది. మల్ల సదివిన."

రేపు వెళ్తారా మరి?

"పోత. ఎందుకు పోను? ఆ టేపు నాకు కావాలె మేడం."

ఒక్కసారి చూసుకుందామా, మూడో పేరా దగ్గర ఒక అచ్చు — అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. కాఫీ ఇచ్చాను. తలుపు దాటుతూ అడిగింది, "మీరు లోపటికి వస్తరా?"

బయట బెంచీ మీద కూర్చుంటాను.

"గట్లనే చెయ్యున్రి. లోపట ఉంటె మీ మొఖం చూస్త నేను."

6 ఆగస్టు, గురువారం

బషీర్‌బాగ్. పదకొండు దాటి పది నిమిషాలు. వరండాలో బెంచీ, ఒళ్ళో ఈ డైరీ.

లోపలికి వెళ్ళింది. ఆకుపచ్చ చీర, చేతిలో పుస్తకం. వెనక్కి చూడలేదు. తలుపు వేశారు.

మాటలు తెలియడం లేదు. గొంతు మాత్రం తెలుస్తోంది — నెమ్మదిగా, ఒక్కో వాక్యం చివర పైకి లేస్తూ. మొదటి పేరా అయినట్టుంది. రెండోది.

మూడో పేరా. ఆ అచ్చు దగ్గరికి వచ్చి ఉంటుంది ఇప్పుడు...

ఎవరో నవ్వారు లోపల. మగ గొంతు. గట్టిగానే. ఎందుకో తెలియదు. ఎలాంటి నవ్వో, తలుపు ఇవతల నుంచి, ఎన్నేళ్ళ శాస్త్రం ఉన్నా చెప్పలేను.

లేచి నిలబడ్డాను.

ఆమె ఆగలేదు. చదువుతూనే ఉంది.